ఐసు ప్యాకు చెమట పట్టేదాకా

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఎన్ఎం పిల్లలు అప్పుడప్పుడు మదనపల్లెలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. పల్లెల్లో మమ్మల్ని నర్సమ్మ అంటారు, ఆఫీసు కాగితాల్లో మాత్రం ఆ మూడక్షరాలే. వచ్చిన పిల్లలు కాఫీ తాగి, మీ అనుభవం చెప్పండి మేడం అంటారు. పొంగే ఏటిని దాటి చుక్కల మందు వేసిన కథ ఏదో వస్తుందని వాళ్ల ఆశ. నా సర్వీసు మొత్తంలో అలాంటిది ఒక్కటీ లేదు. మా వైపు ఏర్లలో నీళ్లుంటే కదా పొంగడానికి. పైగా నాకు ఈత రాదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక తప్పు. ఎవరో చేయిస్తే చేసింది కాదు, నా చేతులతో నేనే, చాలా గర్వంగా చేసింది. వినే ఓపిక ఉంటే వినండి, లేకపోతే ఇంకో కాఫీ తాగి వెళ్లండి.

అప్పుడు నా పోస్టింగు రామకుప్పం వైపు, అడవి అంచున. రాగులు, టమోటాలు, వాటి కోతకు రైతు కంటే ముందే వచ్చే ఏనుగులు, ఇదీ ఊరి సంగతి. బిడ్డ ఆసుపత్రిలో పుట్టిన రోజే క్షయ రాకుండా భుజానికి ఒక సూది, కామెర్లు రాకుండా తొడకు ఒక సూది, నోట్లో పోలియో చుక్కలు పడిపోతాయి. నెలన్నర నిండగానే మా వంతు. ఐదు జబ్బులకు కలిపి ఒకే సూది, అందులో కోరింత దగ్గు కూడా ఉంది. పెద్ద పిల్లలకైతే అది నెలల తరబడి వేధించే దగ్గు. పాలు తాగే బిడ్డకు వస్తే ఊపిరే నిలబడదు. అందుకే నెలన్నర అంటే నెలన్నరే, మంచి రోజు చూసుకుని వస్తామంటే కుదరదు.

ఆ పల్లెలో ఒక అవ్వ ఉండేది. టమోటా పండించే ఇల్లు. కూతురిని పెద్దమండ్యం అవతల ఒక పల్లెకు ఇచ్చింది. కానుపుకు కూతురు పుట్టింటికి వచ్చింది, కుప్పంలో ఆడపిల్ల పుట్టింది, నెల ముందుగానే పుట్టింది. అరచేతిలో పట్టేటంత పిల్ల. ఆ పిల్లకు సూది అంటే అవ్వ అడ్డం పడుకుంది. పుట్టిన దినమే పొడిచినారు, మళ్లీ యాల పొడిచేది అని ఆమె వాదన. ఆమెను ఒప్పించడానికి మూడుసార్లు వాళ్లింటికి పోయాను. మొదటిసారి కరపత్రం చదివి వినిపించాను, ఆమె దాంతో విసురుకుంది. రెండోసారి జబ్బు ఎలా ఉంటుందో దగ్గి చూపించాను, నాకే మజ్జిగ ఇచ్చి పడుకోమంది. మూడోసారి ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఏమన్నా అయితే పూచీ నాది అవ్వా అన్నాను. ఆ మాటకు లొంగింది. ఆ మాటే తరవాత నా మెడకు చుట్టుకుంది.

సూదుల రోజు బుధవారం. పొద్దున్నే మందు పెట్టెను బండి మీద తెచ్చే మనిషి ఫోన్ చేసి, రోడ్డు మీద ఏనుగులు ఉండాయి, నేను రాను అన్నాడు. ఆయనకు పెళ్లాం, ఇద్దరు బిడ్డలు, నేనేం అంటాను. నేనే ఆసుపత్రికి పోయాను. పెట్టె సర్దాల్సిన ఫార్మసిస్టు ఏదో పని మీద కుప్పం పోయి ఉన్నాడు. ఇదేం బ్రహ్మవిద్యా అనుకుని డీప్ ఫ్రీజర్ తెరిచాను. లోపల ఐసు ప్యాకులు రాళ్లలా ఉన్నాయి, పైన తెల్లగా మంచు పొడి. ఎండ చూస్తే నెత్తి పగిలేటట్టు ఉంది. ఎంత చలువ ఉంటే మందు అంత భద్రం కదా అనుకున్నాను. నాలుగు రాళ్లను పెట్టెలో దించి, వాటి మధ్యలో మందు బుడ్డీలను వరసగా దోపి, మూత బిగించాను. ఒక ఆడమనిషి చద్ది కట్టుకున్నంత పొందిగ్గా ఉందని మురిసిపోయాను కూడా.

దారిలో ఫారెస్టు వాళ్లు బండ్లన్నీ ఆపేశారు. ఏనుగులు చెరకు తోటలో దిగాయట, టపాకాయలు పేలుస్తున్నారు. అవి మా కంటే తీరికగా ఉన్నాయి. మూడు గంటలు నిలబెట్టి, అప్పుడు వదిలారు. పల్లెకు చేరేసరికి అంగన్‌వాడీలో ఎనిమిది మంది తల్లులు, ఎనిమిది మంది పసిపిల్లలు, గుమ్మంలో అవ్వ. పెట్టె తెరిస్తే బుడ్డీలో మందు గడ్డకట్టి ఉంది. ఆ క్షణంలో నేనేం చేశానో చెబుతాను, నవ్వకండి. బుడ్డీని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దాను. కరిగింది. లోపల సన్నగా తెల్లటి పలుకులు తేలాయి, కొంచెం ఊపితే కలిసిపోయాయి. అవ్వకు బుడ్డీ చేతికిచ్చి మరీ చూపించాను. ఇంత ఎండలో కూడా ఎంత చల్లగా తెచ్చానో చూడు అవ్వా అన్నాను. అవ్వ ముట్టుకుని, అబ్బ అంది. ఎనిమిది తొడలకు ఎనిమిది సూదులు వేసి, ఎనిమిది కార్డుల్లో రాసి, కడుపు నిండా రాగిసంగటి తిని ఇంటికి వచ్చాను.

మందుకు వేడి ఎంత చేటో గడ్డకట్టడం కూడా అంతే చేటని మీకు తెలుసు. మీరు శిక్షణలో మెలకువగా ఉన్నవాళ్లు. మాకూ శిక్షణ ఇచ్చారు, అబద్ధం ఎందుకు. మధ్యాహ్నం పప్పన్నం తిన్న తరవాతి గంట అది. నేను వెనక వరసలో కూర్చుని కనకాంబరాలు కట్టుకుంటున్నాను. నాలుగు మూరలు కట్టాను ఆ గంటలో, చాలా బాగా వచ్చాయి. ఐసు ప్యాకులను ఫ్రీజర్ నుంచి తీసి బల్ల మీద పెట్టాలి, చెమట పట్టి లోపల నీళ్లు గలగలమనేదాకా ఆగాలి, అప్పుడే పెట్టెలో దించాలి అనే ముక్క ఆ నాలుగు మూరల్లో ఎక్కడో పోయింది. అన్ని సంవత్సరాలు ఫార్మసిస్టే సర్దుతుండేవాడు కాబట్టి బయటపడలేదు.

ఆయన పుంగనూరు మనిషి, సాయిబు. మాటల్లో సగం తెలుగు, సగం వాళ్లింటి ఉర్దూ. డాక్టరు ఎవరు మారినా ఆ ఆసుపత్రి నడిచేది ఆయనతోనే. మూడు వారాల తరవాత నెల మీటింగులో ఆయన రెండు బుడ్డీలు తెచ్చి మా ముందు పెట్టాడు. ఒకటి మంచిది, రెండోది తానే కావాలని ఫ్రీజర్‌లో పెట్టి కరిగించినది. రెండింటినీ బాగా ఊపి బల్ల మీద నిలబెట్టాడు. మంచిది పాలలాగా అట్లే ఉంది. రెండో దాంట్లో తెల్లటి పలుకులు మెల్లగా అడుగుకు దిగి, పైన ఉత్త నీళ్లు మిగిలాయి. ఇది ఏసినా ఒకటే, ఏయకపోయినా ఒకటే అన్నాడు. నేను ఆ పలుకులను చూశాను. వాటితో నాకు పరిచయం ఉంది. నా ఒంట్లో ఉన్న చెమటంతా అప్పుడు పట్టింది.

మీటింగు అయ్యాక ఆయన్ని పక్కకు పిలిచి చెప్పాను. ఎంతమందికి అని అడిగాడు. ఎనిమిది అన్నాను. అరె అమ్మా అని తల మీద చెయ్యి పెట్టుకున్నాడు గానీ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఇద్దరం డాక్టరు గదిలోకి పోయాం. మా డాక్టరు కుర్రవాడు, పీజీ సీటు కోసం చదువుతుండేవాడు, తలగడంత పుస్తకం ఎప్పుడూ బల్ల మీద ఉండేది. మంచివాడే. అంతా విని, వచ్చే బుధవారం ఎలాగూ వాళ్లకు రెండో డోసు ఉంది కదా, అది మంచి మందే కదా, మొదటిది పోయిందని ఊరంతా టముకు వేయడం ఎందుకు, వేసేసి ఊరుకోండి అన్నాడు. మీరు చెబితే ఆ ఊళ్లో ఇంకెవరూ సూదికి రారు అని కూడా అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. నాకు ఆ సలహా ఎంత నచ్చిందంటే, ఆయనకు ఆ సంవత్సరమే సీటు రావాలని మనసులో దండం పెట్టుకున్నాను. ఫార్మసిస్టు మాత్రం, సార్ చెప్పినట్టు చేస్తే ఒక డోసు తక్కువ పిల్లలు అవుతారు, కార్డులో మాత్రం ఫుల్ అని ఉంటాది అని గొణిగి వెళ్లిపోయాడు.

బుధవారం వచ్చింది. ఈసారి పెట్టె ఆయనే సర్దాడు. అంగన్‌వాడీకి చేరేసరికి ఏడుగురు తల్లులే ఉన్నారు. అవ్వ ఉంది, కూతురూ లేదు, పిల్లా లేదు. మూడో నెల వస్తోందని అత్తగారు వచ్చి పిలుచుకుపోయారట. మంచిదే, అక్కడి నర్సమ్మ చూసుకుంటుంది అనుకున్నాను. అప్పుడు అవ్వ నా పక్కన వచ్చి కూర్చుంది. 

"నర్సమ్మా, నిన్న నా కూతురు ఫోన్ సేసినాది. ఆ ఇంట్లో వాళ్ల బావ కొడుకు దగ్గతాండాడంట. దగ్గి దగ్గి మొగం నీలమైపోతాదంట, కడాకు కూత పెట్టినట్టు గాలి పీలస్తాడంట. ఆ పొద్దు నువ్వు దగ్గి సూపిచ్చినావే, అచ్చం అట్లనే."

నేను కార్డులు వరసగా పేర్చడం మొదలుపెట్టాను.

"మన పిల్లకు నువ్వు సూది యేసినావు కదా. ఇంక బయం లేదు కదా?"

అమ్మాయిలూ, లేదు అవ్వా అని రెండు మాటలు అంటే అయిపోయేది. నాలుక చివర దాకా వచ్చాయి. నేనేం పుణ్యాత్మురాలిని కాదు, ఇప్పటికీ కాదు. కానీ ఆమె నా కళ్లలోకి చూస్తోంది, ఆ ముఖంలో ఒక్క అనుమానం లేదు. మూడుసార్లు ఇంటికి పోయి ఆ నమ్మకాన్ని సంపాదించింది నేనే. నెల ముందు పుట్టిన ఆ పిడికెడు పిల్ల, అక్కడ ఆ దగ్గే ఇంట్లో, ఒంట్లో ఉత్త నీళ్లతో పడుకుని ఉంది. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పేశాను.

"బయం ఉండాది అవ్వా. ఆ పొద్దు నేను తెచ్చిన మందు గడ్డకట్టి సెడిపోయిండాది. తప్పు నాదే. ఎనిమిది మందికీ సూది యేసినా యేయనట్టే."

తల్లులు పిల్లల తొడలు తడుముకున్నారు. అవ్వ నా పెట్టె వైపు చూసింది. తరవాత, టమోటాను ఐసులో పెట్టి తీస్తే ఏమైతాది అని అడిగింది. ఎవరినో కాదు, తనను తానే. పైకి ఎర్రగానే ఉంటాది, నొక్కితే నీళ్లు అని తానే జవాబు చెప్పుకుంది. అప్పుడు మొదలుపెట్టింది నన్ను. మా వంశాన్ని, మా శాఖను, నేను తాగిన మూడు గ్లాసుల మజ్జిగను వదిలిపెట్టలేదు. అన్నీ న్యాయమైన తిట్లే. ఊపిరి తిరగనంతగా తిట్టి, ఆ ఏడుగురి వైపు తిరిగి, ఏం సూస్తాండారు, లోడు సెడిపోయినాదని ఒప్పుకొని ఇంకో లోడు తెచ్చిండాది, యేయించుకోండి అంది.

ఒక తల్లి మాత్రం, ఈసారి మంచిదని నమ్మకం ఏమని అడిగింది. నేను ఐసు ప్యాకు తీసి అవ్వ చెవి దగ్గర పెట్టి ఊపాను. లోపల నీళ్లు గలగలమన్నాయి. ఈ సద్దు వినపడితే మందు గడ్డకట్టదు అవ్వా అని చెప్పాను. అవ్వ ఆ ప్యాకును ఏడుగురి చెవుల దగ్గరా ఊపి వచ్చింది. ఆ తరవాతే తల్లులు పిల్లలను ముందుకు తెచ్చారు. కార్డుల్లో పాత తేదీ కొట్టేసి, మొదటి డోసు అని మళ్లీ రాశాను.

ఎనిమిదో పిల్ల మిగిలింది. వెంటనే అవ్వ కూతురికి ఫోన్ చేసి, దగ్గే పిల్లవాడిని మదనపల్లెలో ఆసుపత్రికి తీసుకుపొమ్మని, చంటిదాన్ని వాడి గాలి తగలకుండా వేరే గదిలో పెట్టమని చెప్పాను. ఆ వైపు నర్సమ్మకూ ఫోన్ చేశాను. కార్డులో డోసు పడినట్టు ఉంటే మళ్లీ ఎలా వేస్తాను, మీ డాక్టరుతో రాయించుకు రండి అంది. ఆమె తప్పేం లేదు. డాక్టరు చేత ఉత్తరం రాయించాను. ఆయన రాస్తూ, చెప్పేశారా అని అడిగాడు. చెప్పేశాను సార్ అన్నాను. పుస్తకం మూసి, ఉత్తరం కింద తన ఫోన్ నంబరు కూడా వేసి ఇచ్చాడు. అందుకే మంచివాడన్నాను.

ఆ వైపు సూదులు శనివారం. పొద్దున్నే అవ్వా నేనూ కుప్పంలో బస్సెక్కాం. ఆ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను, నాకు పరువు ఉంది. పక్క సీటు ఆమె ఎందుకు పోతాండారని అడిగితే చాలు, ఈ నర్సమ్మ మా పిల్లకు ఐసు పొడిచిండాది, మళ్లా మందు పొడిపియ్యను పోతాండాము అని అవ్వ జవాబు. పుంగనూరు వచ్చేసరికి బస్సంతటికీ నేను తెలిసిపోయాను. కండక్టరు కూడా టికెట్టు ఇస్తూ ఒకసారి ఎగాదిగా చూశాడు. మదనపల్లెలో టమోటా లారీల మధ్య బస్సు ఇరుక్కుంటే, నాకు ఎక్కడైనా దిగి మా ఇంటికి పోదామా అనిపించింది. అవ్వ నా చీర కొంగు మీద కూర్చుని ఉంది, తెలిసే కూర్చుందనుకుంటాను.

పల్లెలో పిల్ల బాగానే ఉంది, ఆడుకుంటోంది. దగ్గే పిల్లవాడికి మదనపల్లె డాక్టరు మందు మొదలుపెట్టి, ముందుజాగ్రత్తగా చంటిదానికీ ఇచ్చాడట. అత్తగారు మాత్రం ఒకే సూది రెండుసార్లు ఎవరన్నా వేస్తారా అని గుమ్మంలో నిలబడింది. నేను నోరు తెరిచేలోపు అవ్వ టమోటా సంగతి అందుకుంది. అత్తగారిదీ టమోటా ఇల్లే. రెండు నిమిషాల్లో అందరం అంగన్‌వాడీలో ఉన్నాం.

అక్కడి నర్సమ్మ ఉత్తరం చదువుకుని సరే అంది. పెట్టె వచ్చి పావుగంట కూడా కాలేదట. మూత తెరిచింది. నాలుగు ప్యాకులు, రాళ్లు, పైన తెల్లటి మంచు పొడి.

నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఇది మాత్రం మీరు గుర్తుపెట్టుకోండి, మొదటి తప్పు కంటే ఇదే నాకు ఎక్కువ సిగ్గు. ఆమె దగ్గరికి సాయం అడుక్కోవడానికి వచ్చాను. సాటి ఉద్యోగిని పది మంది ముందు తప్పు పట్టడం ఏం మర్యాద, తరవాత చెవిలో చెబుదాం, బుడ్డీ ఇంకా గడ్డకట్టలేదులే అని, వంద సాకులు ఒక్క క్షణంలో వచ్చాయి. అవతల ఆమె సిరంజి కవరు చింపుతోంది.

అవ్వకు ఈ మర్యాదలేవీ తెలియవు. పెట్టెలో చెయ్యి పెట్టి ఒక ప్యాకు లాగి, చెవి దగ్గర ఊపింది. మళ్లీ ఊపింది.

"సద్దు లేదే నర్సమ్మా."

ఎవరీమె అని అక్కడి నర్సమ్మ నా వైపు చూసింది. మందు చలువ తనిఖీ చేసే మా ఊరి కోల్డ్ చైన్ ఇన్‌స్పెక్టర్ అన్నాను, ఇంకేం చెప్పను. తరవాత సిగ్గు వదిలేసి, నెల కిందట నేను ఏం చేశానో, పలుకులతో సహా, అందరి ముందు చెప్పాను. ఆమె ముఖం మొదట ఎర్రబడింది, తరవాత తెల్లబడింది. బుడ్డీలను బయటికి తీసి ఒక్కొక్కటే ఊపి చూశాం. ఏదీ గడ్డకట్టలేదు, పాలలాగే ఉన్నాయి. సమయానికి వచ్చాం. ప్యాకులను అరుగు మీద వరసగా పెట్టి, చెమట పట్టేదాకా అందరం వాటి చుట్టూ కూర్చున్నాం. ఆ కూర్చోవడంలో ఆమె మెల్లగా, శిక్షణలో ఆ గంట నేను ఫోన్ చూసుకుంటుండినాను అక్కా అంది. నేను పూలు కట్టుకుంటుండినాను అన్నాను.

అరగంటకు అవ్వ ప్యాకు తీసి తన చెవి దగ్గర ఊపింది, తరవాత పిల్ల చెవి దగ్గర ఊపింది. పిల్ల ఆ గలగలకు బోసిగా నవ్వింది. ఇంక యెయ్ అంది అవ్వ.

ఆ పిల్లకు దగ్గు రాలేదు. సూది వల్లనే అని చెప్పను, ఒక్క డోసు అంత తొందరగా కాపు కాయదు. డాక్టరు మందు వల్ల కావచ్చు, వేరే గది వల్ల కావచ్చు, అదృష్టం కావచ్చు. దగ్గు వచ్చి ఉంటే నేను ఈ కథ ఇలా నవ్వుతూ చెబుతూ ఉండేదాన్ని కాదు.

తరవాత రిటైరయ్యేదాకా ప్రతి బుధవారం ఆ పల్లెలో అవ్వ ప్యాకు ఊపనిదే ఒక్క తల్లీ పిల్లను ఒడిలోంచి దించలేదు. ఆ పిల్ల ఇప్పుడు రెండో తరగతి. పోయిన నెల అవ్వను చూడబోతే, సెలవులకు వచ్చి అక్కడే ఉంది. అవ్వ ఏం చెప్పి పెట్టిందో ఏమో, నన్ను చూడగానే తొడను రెండు చేతులతో మూసుకుని తలుపు వెనక్కి పోయింది. రమ్మని నేను బతిమాలలేదు. నా మూలంగా ఒక సూది ఎక్కువ తిన్న పిల్ల, ఆమాత్రం హక్కు ఉంది.